ఫెజ్ ప్రయాణంలో ముగ్గురం

ఎనభైల మొదట్లో ఆ ఏడు ఎండాకాలం మొదలయ్యేసరికి న్యూజెర్సీలో పార్సిప్పనీ చుట్టుపక్కల ఉన్న తెలుగు ఆడవాళ్ళందరూ నాతో మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టారు. అంతకు ముందు వాళ్ళకి నామీద పెద్ద ప్రేమేమీ లేదు. నేను హాస్పిటల్లో మత్తుమందు డాక్టర్ని. డ్యూటీలు పోగా మిగిలిన ఏ ఆదివారమో, తలా ఒక వంట చేసుకొచ్చే పాట్‌లక్‌కి వెళ్తే, ఇంట్లో వండకుండా కొన్న పెరుగు డబ్బా పట్టుకొచ్చానని మూతులు తిప్పుకునేవాళ్ళు. అలాంటివాళ్ళు ఉన్నట్టుండి నా చేతికి ప్లేటు అందించి "నువ్వు కూర్చోమ్మా, మేం వడ్డిస్తాంగా" అనడం మొదలుపెట్టారు. ఒకావిడ నా వీపు నిమిరింది. మా అందరిలోకీ పెద్దావిడ, మేమంతా అక్కయ్యగారూ అని పిలిచే ఒక డాక్టరుగారి భార్య, నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి అడిగింది.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"పడుతోందండీ," అన్నాను.

"పోనీలే," అంది, నేను అబద్ధమాడితే తను క్షమించినట్టు.

నేను మా ఆయన్ని వదిలేస్తున్న సంగతి వాళ్ళకి తెలిసిపోయిందనుకున్నాను. తెలిసి కూడా తిట్టకుండా జాలిపడుతున్నారంటే అమెరికా వీళ్ళని కాస్త మార్చిందని కూడా అనుకున్నాను. అంత తెలివితక్కువగా నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

మా పెళ్ళయి అప్పటికి తొమ్మిదేళ్ళు. మా ఆయన కెమికల్ ఇంజనీరు. కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. నలుగురిలో నేను ఏదైనా చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపి, అదే మాట ఆయన చెప్పేవాడు. నేను కారు నడిపితే పక్కన కూర్చుని ప్రతి మలుపులోనూ డాష్‌బోర్డ్ పట్టుకునేవాడు. కోపం వస్తే వారాల తరబడి మాట్లాడేవాడు కాదు. ఎందుకు కోపం వచ్చిందో నేను కనుక్కోవాలి. మార్చిలో ఒక సాయంత్రం భోజనం దగ్గర, విడిగా ఉండాలనుకుంటున్నానని చెప్పాను. ఆయన చారన్నం కలుపుకుంటూ విన్నాడు. తినడం పూర్తిచేసి చెయ్యి కడుక్కొచ్చి అన్నాడు.

"జూలైలో కాసబ్లాంకాలో కాన్ఫరెన్స్ ఉంది. ఇద్దరికీ టికెట్లు బుక్ చేశాను. మా బాస్ భార్య కూడా వస్తోంది. ఆ ఒక్కటీ నాతో రా. తర్వాత నీ ఇష్టం."

తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. సరేనన్నాను.

కాన్ఫరెన్స్‌లో నా పని బాస్ భార్య పక్కన కూర్చుని నవ్వడం. అది అయిపోయాక తిరుగు విమానానికి ఇంకా రోజులున్నాయి. హోటల్ గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే ఏదో ఒకటి జరిగేలా ఉంది. ఆ అరబ్బు దేశంలోనే ఉన్న ఫెజ్ అనే ఊళ్ళో పాతనగరం చూసితీరాలని హోటల్లో ఎవరో అన్నారు. కౌంటర్లో చెబితే కారూ డ్రైవరూ మాట్లాడిపెట్టారు. పొద్దున్నే వెళ్ళి, ఒక రాత్రి అక్కడుండి, మర్నాడు తిరిగిరావడం.

ఆ డ్రైవరు యాభై దాటిన మనిషి. లావుపాటి మెడ, నెరిసిన మీసం. వయసులో ఉండగా ఫ్రాన్స్‌లో పనిచేసి వచ్చాడట. ఆ తర్వాత వాళ్ళ దేశంలో అప్పట్లో ఉన్న అమెరికన్ నేవీ స్థావరంలో బండి తోలాడట. ఇంగ్లీషు అక్కడ నేర్చుకున్నదే కనక రెండు మాటలకొక బూతు దొర్లేది. అవి బూతులని అతనికి తెలుసో లేదో నాకు చివరిదాకా తేలలేదు.

"ఎక్కడ నుంచి?" అని అడిగాడు బయల్దేరగానే.

"అమెరికా," అన్నాడు మా ఆయన. ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక.

"అమెరికా కాదు. మీరు హింద్," అని తేల్చేశాడు డ్రైవరు. అద్దంలోంచి నన్ను చూసి, "పిల్లలు?" అన్నాడు.

"లేరు," అన్నాను.

"ఎందుకు లేరు?"

మా ఆయన దానికి జవాబుగా సిగరెట్ వెలిగించాడు. అది రంజాన్ నెల. జూలై ఎండలో తెల్లవారుజాము నుంచి పొద్దు కూకేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి పక్కన కూర్చుని పొగ వదిలాడు.

"నో స్మోక్, మిస్టర్. రంజాన్."

"నేను ముస్లింని కాదు," అన్నాడు మా ఆయన.

"కారు ముస్లిమే," అన్నాడు డ్రైవరు.

సిగరెట్ ఆరలేదు. డ్రైవరు కారు నాలుగు అద్దాలూ దింపేశాడు. పొయ్యి మూత తీసినట్టు వేడిగాలి లోపలికి కొట్టింది. నా జుట్టంతా దుమ్ము. ఫెజ్ చేరేదాకా అద్దాలు పైకెత్తలేదు. ఎత్తమని మా ఆయన అడగలేదు. మగవాళ్ళిద్దరి పంతానికీ వెనక సీట్లో నేను వేగిపోయాను. అతనిమీదా ఈయనమీదా సమానంగా మండింది.

సాయంత్రం ఊరి బయట ఒక గుట్ట మీదికి తీసుకెళ్ళాడు. కింద ఫెజ్ నగరం. ఇంటికీ ఇంటికీ మధ్య సందు కూడా కనబడనంతగా కుక్కిన మట్టిరంగు ఊరు. మధ్యలో ఆకుపచ్చ పెంకుల మసీదు కప్పులు. నాకు చాలా బాగుంది. బాగుందని పైకి అనలేదు. అంటే ఆయన దానికి ఏదో ఒకటి అంటాడు.

"దీనికోసమా ఇంత దూరం?" అన్నాడు మా ఆయన, నేనేమీ అనకపోయినా.

"అమెరికాలో ఇంత పాతది ఏముంది?" అన్నాడు డ్రైవరు.

"అమెరికాలో డ్రైనేజీ ఉంది."

డ్రైవరు ఒక నేవీ మాట అని, వెళ్ళి కార్లో కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున పాతనగరంలోకి కాలినడకన వెళ్ళాం. కార్లు పట్టవు ఆ సందుల్లో. గైడ్లందరూ దొంగలని డ్రైవరు నమ్మకం. అందుకని తనే ముందు నడిచాడు, వెనక్కి తిరిగి చూడకుండా, మేము వస్తే వచ్చాం లేకపోతే లేదన్నట్టు. కంచరగాడిదలు తోళ్ళ మూటలతో ఎదురొచ్చేవి. వాటి వెనక మనిషి "బాలాక్, బాలాక్" అని అరిస్తే తప్పుకోమని అర్థం. గోడకి అంటుకుపోయి నిలబడేవాళ్ళం. అలా నిలబడ్డప్పుడు కూడా మా ఆయన నాకు తగలకుండా ఎడంగా జరిగేవాడు.

తోళ్ళు అద్దే చోటు చూడాలంటే తోలుసామాన్ల కొట్టు మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళాలి. కొట్టతను చేతిలో పుదీనా రెమ్మ పెట్టాడు, ముక్కు దగ్గర పట్టుకోవడానికి. కింద తేనెతుట్టెలో గదుల్లా గుండ్రటి తొట్లు, ఒక్కోదాంట్లో ఒక్కో రంగు నీళ్ళు, తొడల దాకా వాటిలో దిగి తోళ్ళు తొక్కుతున్న మనుషులు. తోళ్ళు మెత్తబడడానికి కలిపే పావురాల రెట్టల వాసన, కుళ్ళిన చర్మం వాసన, పైన ఎండ. నా తల పగిలిపోతోంది. బ్యాగ్‌లోంచి తలనొప్పి మాత్ర తీసి నీళ్ళు లేకుండానే మింగాను.

"మళ్ళీనా?" అన్నాడు మా ఆయన.

"మళ్ళీ అంటే?"

"మళ్ళీ మాత్ర."

"తలనొప్పికి వేసుకున్నానండీ."

"నాకెందుకు చెప్తావ్? అందరికీ తెలిసిందేగా."

ఆ "అందరికీ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. "ఏం తెలుసు అందరికీ?" అన్నాను.

ఆయన పిట్టగోడకి ఆనుకుని, కింద తొట్లు చూస్తూ, ఆఫీసు విషయం చెప్పినట్టు చెప్పాడు.

"నువ్వు హాస్పిటల్ నుంచి మందులు తెచ్చుకుని వాడుతున్నావని. అలవాటైపోయిందని. దాంతో తల సరిగ్గా లేదని."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను. మరేం చెప్పమంటావ్? పెళ్ళాం వదిలేసి పోతోందంటే మగాడిలో ఏదో లోపం ఉందంటారు. జబ్బు మనిషంటే జాలిపడతారు. నీకూ మంచిదే. ఎవరైనా తిట్టారా నిన్ను?"

నేను చేసే పని ఏమిటో ఆయనకి తెలుసు. ఆపరేషన్ గదిలో మార్ఫిన్ లాంటి మందులు నా చేతిలో ఉంటాయి. వాటిని నేను వాడుకుంటున్నానన్న పుకారు హాస్పిటల్ దాకా పాకితే లైసెన్స్ పోతుంది. అదీ తెలుసు.

"మా అన్నయ్యకి కూడా చెప్పారా?"

"మొదట మీ అన్నయ్యకే ఫోన్ చేశాను."

నేను ఏడవలేదు, అరవలేదు. పుదీనా రెమ్మ అక్కడ పడేసి మెట్లు దిగి, కొట్టులోంచి బయటికొచ్చి, కనబడిన సందులోకి నడిచాను. అది ఇంకో సందులోకి వెళ్ళింది. అక్కడ రాగిగిన్నెలు కొడుతున్నారు. ఆ చప్పుడు నాకు హాయిగా ఉంది. దాటి ఇంకా నడిచాను. గోడలో రంగురాళ్ళు పొదిగిన నీళ్ళ కుళాయి కనబడితే దోసిలి పట్టి తాగాను. ఎదురింటి గుమ్మంలోంచి ఒక ముసలమ్మ బయటికొచ్చి చేతులు తిప్పుతూ తిట్టింది. ఉపవాసాల నెలలో పట్టపగలు వీధిలో నీళ్ళు తాగినందుకు. ఆవిడ తిట్లు అర్థం కాకపోయినా, పార్సిప్పనీ ఆడవాళ్ళ జాలి కంటే అవే నయమనిపించింది. ఆ మెత్తదనమంతా ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కొక్కరి మొహమే గుర్తొచ్చి తెలుస్తూ ఉంటే ఆ ఇంటి పక్క మెట్టు మీద కూర్చుండిపోయాను.

చాలాసేపటికి డ్రైవరు వచ్చాడు. చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. తిడతాడని సిద్ధంగా ఉన్నాను. రెండు రోజులుగా గొడ్డునీ మనిషినీ కూడా అరిచి పలకరించినవాడు నా ముందు వంగి, రెండు చేతులూ చూపించి, చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"మెల్లగా, మదామ్. అంతా బాగుంది. లేవండి. మెల్లగా."

ఆ గొంతు నేను విన్నదే. మా ఆయన ఇతనికీ చెప్పేశాడు.

కారు దగ్గర మా ఆయన ముందు సీట్లో అప్పటికే కూర్చుని ఉన్నాడు. నేను వెనక ఎక్కాక డ్రైవరు నా వైపు తలుపు లాక్ నొక్కి, లాగి చూసుకున్నాడు. కారు కదిలాక అడిగాను.

"ఇతను నా గురించి నీకేం చెప్పాడు?"

డ్రైవరు గేరు మార్చాడు.

"నాకు జబ్బేమీ లేదు. నేను డాక్టర్ని."

"అవును మదామ్. డాక్టర్. మంచిది," అన్నాడు డ్రైవరు.

మా ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు అద్దంలో కనబడింది. నిజం చెప్పినకొద్దీ పిచ్చిదాన్నవుతానని అప్పుడు అర్థమైంది. అందుకని ఇక జబ్బు సంగతి ఎత్తలేదు. దారిలో మెక్నెస్ అనే ఊరు వస్తుందనీ, అక్కడ రైలు స్టేషన్ ఉందనీ వచ్చేటప్పుడు చూశాను. కాసబ్లాంకాకి రైల్లో వెళ్తాను, అక్కడ దింపమన్నాను.

"ఇద్దర్ని తెచ్చాను. ఇద్దర్ని తీసుకెళ్తాను," అని డ్రైవరు మా ఆయన వైపు చూశాడు. "మిస్టర్ ఒప్పుకుంటే..."

"ఒప్పుకోను. ఆమెకి ఒంట్లో బాగాలేదు," అన్నాడు మా ఆయన.

నా పాస్‌పోర్ట్, గ్రీన్ కార్డ్ రెండూ ఆయన చేతిసంచిలో ఉన్నాయి. ప్రతి ప్రయాణంలోనూ అంతే. నేను పారేసుకుంటానని ఆయన అనేవాడు, నేను ఇచ్చేదాన్ని. ముందుకు వంగి ఆయన భుజం మీద తట్టాను.

"నా పాస్‌పోర్ట్ ఇయ్యి," అన్నాను.

ఆయన గిర్రున వెనక్కి తిరిగాడు. నేను అడిగినదానికి కాదు. తొమ్మిదేళ్ళు "మీరు" అన్న నోటితో మొదటిసారి "ఇయ్యి" అన్నందుకు.

"ఏమన్నావ్?"

"నువ్వు విన్నావ్. నా పాస్‌పోర్ట్ నాకియ్యి."

"నోరు అదుపులో పెట్టుకో!" అని అరిచాడు తెలుగులో.

డ్రైవరుకి తెలుగు రాదు గాని పాస్‌పోర్ట్ అన్న మాట తెలుసు. "మదామ్ పాస్‌పోర్ట్ మీ దగ్గర ఎందుకుంది?" అని మా ఆయన్ని అడిగాడు.

"తన దగ్గరుంటే పారేసుకుంటుంది."

 డ్రైవరు రోడ్డు చూస్తూనే అన్నాడు. "ఫ్రాన్స్‌లో మార్సే ఊళ్ళో మా మేస్త్రీ కూడా ఇదే అన్నాడు. పారేసుకుంటారు, నా దగ్గరుంచండి అన్నాడు. మా నాన్న చచ్చిపోతే ఊరెళ్ళడానికి అడిగితే ఇవ్వలేదు. మదామ్‌ది మదామ్‌కి ఇచ్చెయ్."

"నువ్వు డ్రైవర్‌వి. డ్రైవ్ చెయ్," అన్నాడు మా ఆయన.

ఈ మాట అనకపోతే కథ ఎలా తిరిగేదో నాకు తెలీదు. డ్రైవరు కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాడు. దిగివెళ్ళి, కోసిన గోధుమచేను గట్టున ఒక ఆలివ్ చెట్టు కింద కూర్చుని చెప్పులు విప్పాడు.

"నేను పొద్దు కూకేదాకా తినను, తాగను. నాకు తొందరేం లేదు," అని అరిచాడు అక్కణ్ణుంచి.

చుట్టుపక్కల ఇల్లు లేదు. కారు పైకప్పు పెనంలా కాలుతోంది. మా ఆయన దిగి సిగరెట్ తాగాడు, మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ దిగాడు. వచ్చిన ఒక లారీకి చెయ్యెత్తాడు. అది ఆగలేదు. నీళ్ళ సీసా ఎప్పుడో అయిపోయింది. నేను వెనక సీట్లోంచి కదల్లేదు. చెట్టు కింద మనిషి కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టున్నాడు. ఆ ఎండలో అతని పట్టుదల చూస్తే నాకే భయమేసింది.

చివరికి పాస్‌పోర్ట్ నా ఒళ్ళో వచ్చి పడింది. కార్డు అందులోనే ఉంది.

"వెళ్ళు. ఎవరు నమ్ముతారో చూస్తాను," అన్నాడు మా ఆయన.

మెక్నెస్ స్టేషన్ ముందు డ్రైవరు నా సంచి దింపాడు. నేను థాంక్స్ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీకు జబ్బుందో లేదో నాకు తెలీదు," అన్నాడు. "పాస్‌పోర్ట్ మాత్రం మీది. ఇంకోసారి నా కారెక్కకండి, మీరు గానీ ఆయన గానీ." ఆపైన ఒక నేవీ మాట అని, కార్లో కూర్చున్న మా ఆయన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగేటప్పుడు నాలుగు అద్దాలూ దింపి ఉండడం చూశాను.

కాసబ్లాంకాలో నా పెట్టె తీసుకుని వేరే హోటల్‌కి మారి, టికెట్ మార్పించుకుని ఒంటరిగా న్యూజెర్సీ వచ్చేశాను. వచ్చిన మర్నాడే మా డిపార్ట్‌మెంట్ చీఫ్ గదికి వెళ్ళి, నా భర్త ఇలా ప్రచారం చేస్తున్నాడు, నాకు పరీక్షలు చేయించండని చెప్పాను. చీఫ్ నమ్మాడో లేదో మొహంలో తెలియలేదు. పరీక్షలు చేయించాడు. ఏమీ లేదని వచ్చాక కూడా, ఆ శీతాకాలం వెళ్ళేదాకా నేను మందులు తీసినప్పుడల్లా ఎవరో ఒకరు వెనక నిలబడి చూసేవారు. ఆ చూపు వీపు మీద పెట్టుకునే పనిచేశాను.

విజయవాడకి ఫోన్ బుక్ చేసి అన్నయ్యతో మాట్లాడాను. "నేను ఏ మందులూ వాడట్లేదు అన్నయ్యా. నా బుర్ర సరిగ్గానే ఉంది," అన్నాను.

లైన్లో గరగరమంది. తర్వాత అన్నయ్య గొంతు వచ్చింది. "బుర్ర సరిగ్గా ఉంటే అలాంటి మొగుణ్ణి ఎందుకు వదిలేస్తున్నావే?"

తర్వాతి ఆదివారం అక్కయ్యగారింట్లో పాట్‌లక్ అని తెలిసి వెళ్ళాను. మా ఆయన అప్పటికే వచ్చి ప్లేటు పట్టుకుని సోఫాలో ఉన్నాడు. నేను చెప్పులు విప్పి, హాల్ మధ్యలో నిలబడి చెప్పాను. నేను ఏ మందూ వాడట్లేదనీ, హాస్పిటల్లో పరీక్షలు కూడా చేశారనీ, ఇదంతా ఈయన కల్పించిందనీ చెప్పాను. మెల్లగా చెప్పాలనే అనుకున్నాను. గొంతు పైకి లేచింది.

 ఒకాయన ప్లేటు కింద పెట్టి అన్నాడు. "ఫ్యామిలీ మేటర్స్ ఇక్కడెందుకమ్మా? పిల్లలున్నారు."

మా ఆయన తల కూడా ఎత్తకుండా, చాలా నెమ్మదిగా, "చూశారుగా," అన్నాడు.

అందరి కళ్ళూ నామీద ఉన్నాయి. ఆ కళ్ళల్లో ఉన్నది మళ్ళీ ఆ జాలే. చెప్పులు చేత్తో పట్టుకునే బయటికొచ్చి కారు స్టార్ట్ చేశాను.

ఆకులు రాలే రోజుల్లో అక్కయ్యగారు ఫోన్ చేసింది. తిట్టడానికే అనుకుని రిసీవర్ చెవికి దూరంగా పెట్టుకున్నాను.

"నువ్వు నిజంగా ఏ మాత్రలూ వేసుకోవట్లేదా?" అంది.

"లేదండీ."

"మరి నిద్ర ఎలా పడుతోంది?" గొంతు తగ్గించింది. "నేను రోజూ వేసుకుంటానమ్మా. మా డాక్టరుగారే ఇస్తారు. ఏళ్ళ నుంచీ. ఇప్పుడవి కూడా పనిచెయ్యట్లేదు."

ఆవిణ్ణి నేనే వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.  పాట్‌లక్‌లకి నన్ను పిలవమని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నేను అడగలేదు.

విడాకులు కౌంటీ కోర్టులో అయ్యాయి. మా ఆయన టెక్సస్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్ళి, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అన్నయ్య నాతో మాట్లాడడానికి చాలా ఏళ్ళు పట్టింది. నేను అదే హాస్పిటల్లో ఉండిపోయాను. ఎనభైల చివర్లో మా దగ్గరికి ట్రైనింగ్‌కి ఒక తెలుగమ్మాయి వచ్చింది, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. మొదటిరోజే చేతులు కడుక్కుంటూ నా వైపు తిరిగి, ముద్దుముద్దు తెలుగులో అంది.

"ఆంటీ, మా మమ్మీ చెప్పింది. మీకు ముందు చాలా బ్యాడ్‌గా ఉండేదంట కదా. ఇప్పుడు బెటరా?"

పిల్ల మొహంలో కల్మషం లేదు. వాళ్ళమ్మ ఎవరో కూడా నాకు తెలీదు.

"బెటరే," అన్నాను. "చేతులు మోచేతుల దాకా కడుక్కో. పేషెంట్ వచ్చేశాడు."